జంపయ్య జీపులో నాలుగో మీటరు

మా జంపయ్యన్న ముల్లు చూడందే దేన్నీ నమ్మడు. ముల్లంటే కాల్లో దిగేది కాదు, మీటరులో కదిలేది. మే నెల మధ్యాహ్నం దుమ్ముగూడెం సెంటర్లో నిలబడితే చెప్పుల్లోంచి సెగ నడినెత్తికెక్కుతుంది. అప్పుడు ఎవరైనా ఎండ మండిపోతోందంటే ఆయన అవుననడు, కాదనడు. నేరుగా తన జీపు దగ్గరికి వెళ్లి, లోపలికి తలపెట్టి, ముల్లు ఎంత లేచిందో చూసొచ్చి, "అవ్, ఉన్నది" అంటాడు.

ఎదురుపడి "ఎట్లున్నవన్నా?" అని పలకరిస్తే "టెంపరేచర్ ఎనభై, ఆయిల్ ప్రెషర్ నలభై" అని జవాబు. అడిగింది మనిషి గురించని, బండి గురించి కాదని ఎందరు చెప్పినా ఆయన బుర్రకెక్కలేదు. ఓసారి కాలు బెణికి వారం రోజులు కుంటుతూ తిరిగాడు. ఆ వారమంతా కూడా ఆయన ఎనభై, నలభై మీదే ఉన్నాడు.

ఈ ముల్లు పిచ్చిని ఇంట్లోకి తేవాలని కూడా చూశాడు. ఆయన భార్య భీమక్క కొత్తగా కుక్కరు కొనుక్కుంటే, దాని మూతకు బెజ్జం కొట్టి ప్రెషర్ మీటరు బిగిస్తానని స్పానరు పట్టుకుని పొయ్యి దగ్గరికి వెళ్లాడు. భీమక్క గరిటె కింద పెట్టకుండానే చెప్పింది. "అన్నం ఉడికిందో లేదో నా వేలు చెప్తది. నీ ముల్లు గిట్ల నా పొయ్యి కాడికొస్తే, రాత్రికి నువ్వు మీటరు తిని పండుకో." జంపయ్య ఆ రాత్రి అన్నమే తిన్నాడు.

నేను దుమ్ముగూడెంలో బ్యాటరీ షాపు పెట్టుకున్న రాంబాబుని. బండ్లకు లైట్లు, హారన్లు, వైరింగు చూడటం నా పని. అందుకే ఆ ముళ్ల పోటు ఊళ్లో అందరికంటే నాకే ఎక్కువ తగిలింది. మీటరు బిగించాల్సింది నేను, విప్పాల్సింది నేను, అది తప్పు చెబితే తిట్లు పడాల్సిందీ నేనే.

ఆయన జీపును చుట్టుపక్కల అందరూ రేసు జీపు అనేవాళ్లు. ఎక్కడో బోల్తా పడ్డ పెద్ద వ్యాను ఇంజను తెచ్చి ఆ చిన్న జీపులో కూర్చోబెట్టాడు. ఇంజను పట్టక బానెట్టు మూతపడేది కాదు. కింద రెండు చెక్కముక్కలు పెట్టి తాడుతో కట్టాడు. దాంతో జీపు పద్దెనిమిది మందిని ఎక్కించుకుని కూడా ఖాళీ కార్లను దాటిపోయేది. కాకపోతే పాత రేడియేటరు ఆ పెద్ద ఇంజనును చల్లబరచలేక ఊరికే మరిగిపోయేది. అంటే ఆ జీపుకు ముల్లు సరదా కాదు, అవసరమే. ఈ మాట ఆయన ముందు నేనెప్పుడూ ఒప్పుకోలేదు.

ఒకరోజు భద్రాచలంలో ఆయనకు మిరపకాయ బజ్జీలు కట్టిచ్చిన కాగితం ఏదో ఇంగ్లీషు కార్ల పుస్తకంలోది. అందులో ఎర్రటి రేసు కారు, దాని డ్యాష్ బోర్డు మీద వరసగా మూడు గుండ్రటి మీటర్లు. నూనె తుడిచి ఆ కాగితాన్ని నా షాపుకు తెచ్చి చదవమన్నాడు. మొదటిది టెంపరేచర్, రెండోది ఆయిల్ ప్రెషర్. మూడోదాని కింద బూస్ట్ అని ఉంది. పాలల్లో కలుపుకునే పొడి ఇంజనుకు ఎందుకో మా ఇద్దరికీ అర్థం కాలేదు. తెలియదంటే పరువు పోతుందని, ఫారిన్ బండ్లు అన్నీ తాగుతాయని చెప్పాను. మన బండికి డీజిలు చాలు, దాని బదులు బ్యాటరీ చార్జింగ్ మీటరు పెడదామని ఆయన నిర్ణయించాడు.

వ్యాను ఇంజనుతో వచ్చిన ఆయిల్ ప్రెషర్ మీటరు ఎప్పుడో నలభై దగ్గర బిగుసుకుపోయింది కాబట్టి, అప్పటికి జీపులో కదిలే మీటరు ఒక్కటే ఉండేది. తెల్లటి మొహం, నీలం రంగు లైటు, చూడ్డానికి పెళ్లికొడుకు చేతి గడియారంలా ఉండే టెంపరేచర్ మీటరు. తక్కువకు వస్తోందని నేనే కొనిపించాను. దాని సంగతి ఆ ఏడు వానాకాలంలో బయటపడింది. భీమ్లా అనే రైతుకు ఒళ్లు కాలిపోయే జ్వరమొస్తే, జంపయ్య అతన్ని జీపులో వేసుకుని దవాఖానాకు బయల్దేరాడు. నేనూ ముందు సీట్లో ఉన్నాను. తూరుబాక దగ్గరికి వచ్చేసరికి బానెట్టు సందులోంచి ఆవిరి లేచి రోడ్డు కనపడకుండా పోయింది. ముల్లు మాత్రం మధ్యలోనే ఉంది. జంపయ్య ఆవిరిని నమ్మలేదు, ముల్లును నమ్మాడు. "టెంపరేచర్ నార్మల్‌గనే ఉన్నది" అని గట్టిగా చెప్పి ఇంకో అర కిలోమీటరు తోలాడు. అక్కడ జీపు ఆగిపోయింది.

వెనక సీట్లో దుప్పటి కప్పుకుని మూలుగుతున్న భీమ్లా చెవిలో ఆ మాట పడింది. టెంపరేచర్ అంటే అతనికి తెలిసింది ఒకటే, డాక్టరు చంకలో గాజుగొట్టం పెట్టి చూసేది. దుప్పటి తీసి, తొంగిచూసి, ముల్లు మధ్యలో ఉండటం కళ్లారా చూశాడు. "నాది దిగిందన్నట్టు" అని లేచి కూర్చున్నాడు. మేమిద్దరం బానెట్టు తాడు ముడితో కుస్తీ పడుతుంటే, డబ్బా పట్టుకుని పక్కనున్న వాగులోంచి నాలుగుసార్లు నీళ్లు మోసుకొచ్చింది ఆ భీమ్లానే. గంట తర్వాత దవాఖానాలో చూస్తే అతని జ్వరం నూట మూడు.

భీమ్లా బతికి బాగానే ఉన్నాడు. జంపయ్య మాత్రం ఆ మీటరును క్షమించలేదు. మనిషి అబద్ధమాడితే సరేగానీ ముల్లు ఆడితే ఇంకెవర్ని నమ్మాలని నన్ను నెల రోజులు నిలదీశాడు. దాన్ని ఊడదీసి గుడ్డలో చుట్టి సీటు కింద పడేశాడు. పారెయ్యమంటే పారెయ్యలేదు.

తర్వాతి ఏడాది గోదావరి పుష్కరాలు. ఆ ఏడు మా ఇంట్లో నా భార్య పుష్పలతకు కాన్పు. శ్రావణంలో నెలలు నిండుతాయి. మా మొదటి బిడ్డ మాకు దక్కలేదు. నొప్పులొచ్చాక బండి దొరక్క ఆలస్యమైంది. ఈసారి నొప్పి మొదలవగానే భద్రాచలం తీసుకురావాలని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. దూరం పాతిక కిలోమీటర్లే, కానీ అడవి దారి, శ్రావణం వానలు. ఏ వేళ పిలిచినా వచ్చే బండి జంపయ్య రేసు జీపొక్కటే. అది దారిలో మరిగి ఆగిందంటే ఏమవుతుందో నేను పైకి అనలేదు గానీ లోపల అదే భయం తిరుగుతుండేది.

ఒక సాయంత్రం జంపయ్య మా ఇంట్లో టీ తాగుతుండగా పుష్పలతే ఆ మాట ఎత్తింది. "నొప్పికి నాకు భయం లేదన్నా. పోయినసారి ఎడ్లబండ్లె పోతుంటె, ఇంకెంత దూరమున్నదో ఎవ్వరు చెప్పలే. గదే భయం." జంపయ్య టీ గ్లాసు కింద పెట్టి, "ముల్లు కావాలె" అన్నాడు. ఎంత బాధలో మాట్లాడినా ఈయన గోల ఈయనదేనని నాకు ఒళ్లు మండింది.

మర్నాడే ఇద్దరం విజయవాడ ఆటోనగర్ బస్సెక్కాం. ఆయన సంచిలో ఫ్లాస్కు నిండా వేడి నీళ్లు, సైకిలు పంపు, స్కూటరు బ్యాటరీ, పాలకేంద్రం నుంచి అడిగి తెచ్చిన గాజు థర్మామీటరు ఉన్నాయి. మేం మీటర్లు కొనడానికి వెళ్తున్నామో, ఊళ్లో సూదిమందులు వెయ్యడానికి వెళ్తున్నామో కండక్టరుకు అర్థం కాలేదు.

మేం దిగిన షాపు యజమాని వెంకటకృష్ణ. రేసు జీపు అనగానే హుషారుగా లేచి మెరిసిపోయే మీటర్ల సెట్టు తీసి పరిచాడు. ఎర్ర ముల్లు, నల్ల మొహం, చుట్టూ వెండి రంగు కట్టు. అచ్చం బజ్జీల కాగితంలో ఉన్నట్టే ఉంది. నాకు నోట్లో నీళ్లూరాయి. జంపయ్య మాత్రం ఫ్లాస్కు తీశాడు. దారిలో నీళ్లు చల్లారిపోయాయి. అప్పుడే ఎవరో తెచ్చి బల్ల మీద పెట్టిన వెంకటకృష్ణ టీ పొగలు కక్కుతోంది. జంపయ్య అడక్కుండానే మీటరు తాలూకు సెండరును, అంటే ఇంజనులో దిగి వేడిని పట్టే ఇత్తడి మొలను, ఆ టీలో ముంచాడు. పక్కనే గాజు థర్మామీటరు పెట్టాడు. బ్యాటరీ తగిలించాం. థర్మామీటరు డెబ్బై అంది. మెరిసే మీటరు నూట పది అంది.

"టీ మరుగుతలేదు గదా సారూ" అన్నాడు జంపయ్య మర్యాదగా.

వెంకటకృష్ణ ఇంకో సెట్టు తీశాడు. అది నలభై అంది. మూడోదాని ముల్లు అసలు లేవలేదు. టీ చల్లారితే ఆయనే ఇంకో టీ తెప్పించాడు. అప్పటికి ఆయనకూ పంతం పుట్టింది. పదకొండు మీటర్లయ్యాక, అటక మీది గంపలోంచి పాత ట్రాక్టరు నుంచి ఊడదీసిన మీటరొకటి తీశాడు. అద్దం మీద గీతలు, మొహం పసుపెక్కిపోయింది, వైరు బదులు సన్నటి రాగిగొట్టం. అది మెల్లగా, తొందర లేకుండా లేచి డెబ్బై దగ్గర ఆగింది. జంపయ్య మొహం పండగలా వెలిగింది. సైకిలు పంపుతో గాలి కొట్టి అలాంటిదే ఆయిల్ ప్రెషర్ మీటరు, నా స్కూటరు బ్యాటరీతో చార్జింగ్ మీటరు ఎంచాడు. మూడూ కలిపి ఆ మెరిసే సెట్టులో నాలుగో వంతు ధరకే వచ్చాయి.

"చూడ సక్కగ లేవన్నా" అని గొణిగాను.

"నేను పెండ్లి చేస్కుంటనా రాంబాబు? నిజం చెప్తే చాలు" అని, ఇత్తడి మొలలు మునిగిన టీని పారబోయడం ఇష్టం లేక తాగేశాడు. బస్సులో సగం దారి దాకా తుపుక్కుతుపుక్కుమని ఉమ్ముతూనే ఉన్నాడు.

మీటర్లు బిగించడానికి రెండు రోజులు పట్టింది. నేను స్క్రూడ్రైవరు తుడుచుకుని లేవబోతుంటే జంపయ్య సీటు కింద నుంచి గుడ్డమూట తీశాడు. అందులో ఆ పాత అబద్ధాలకోరు మీటరు. దాన్ని ముందు సీటు వెనక, ఇనుప పైపు మీద, వెనక కూర్చున్నవాళ్లకు కనపడేలా బిగించమన్నాడు.

"ఇది పని చెయ్యదు గదన్నా. వైరు ఏడికిచ్చుడు?"

"వైరు వద్దు. ఊకె బిగియ్యి."

నాకు రోషం వచ్చింది. ఇరవై ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను. వైరు లేని మీటరు బిగించి జనం ముందు తలెత్తుకు తిరగలేనని, అబద్ధం చెప్పే ముల్లు వద్దని ఆటోనగర్ దాకా పోయి టీలు తాగినవాడివి నువ్వే కదా అని నాలుగు దులిపాను. ఆయన వింటూ కూర్చుని, నేను వెళ్లిపోయాక తనే బిగించుకున్నాడు. మర్నాడు చూస్తే అది నీలం లైటుతో సహా వెనక సీటు వైపు చూస్తోంది. ఎర్ర రంగుతో గీతలు పెట్టి, చివర ఒక పచ్చ గీత వేశాడు. ముసలితనంలో మతి చెడిందనుకుని నేను రెండు వారాలు ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు. ఎట్లున్నవన్నా అని కూడా అడగలేదు. అడిగినా ఎనభై, నలభైయే కదా.

పుష్కరాలు అయిపోయిన వారానికి, డాక్టరమ్మ చెప్పిన తేదీకి పది రోజుల ముందే, పొద్దున తొమ్మిదింటికి పుష్పలతకు నొప్పులు మొదలయ్యాయి. బయట ముసురు. నేను పరుగెత్తుకెళ్లేసరికి జంపయ్య అప్పటికే జీపు తిప్పి పెట్టి ఉన్నాడు. పక్కింటి ముత్తక్క తోడొచ్చింది. ఆమె ఊళ్లో చాలా కాన్పులు చూసిన మనిషి. పుష్పలతను వెనక సీట్లో పడుకోబెట్టి తల ఒళ్లో పెట్టుకుంది. నేను ముందు కూర్చున్నాను. జంపయ్య నన్ను టెంపరేచర్ ముల్లు మీద నుంచి చూపు తిప్పొద్దన్నాడు. తర్వాత వెనక్కి తిరిగాడు.

"చెల్లె, గీ మీటరు చూస్తున్నవా? ఇది బండిది కాదు, దవాఖానాది. ముల్లు గా పచ్చ గీత మీదికొచ్చిందంటే మనం దవాఖానా గేటు కాడ ఉన్నట్టు. ఇంకెంత దూరమని ఎవ్వర్ని అడుగకు. దాన్నే చూడు."

జీపు కదిలింది. నొప్పి వచ్చినప్పుడల్లా వెనక నుంచి పుష్పలత మూలుగు వినిపించేది. వెంటనే ముత్తక్క ముల్లు ఇంకో గీత దాటిందని చెప్పేది. నిజంగానే దాటుతోంది. వైరు లేని మీటరు ఎలా కదులుతోందో ఆలోచించే స్థితిలో నేను లేను. నా ముందున్న ట్రాక్టరు మీటరు ఎనభై నుంచి తొంభైకి, తొంభై నుంచి తొంభై ఐదుకు మెల్లగా ఎక్కుతోంది.

"అన్నా, తొంభై ఎనిమిది" అన్నాను.

కిందటేడైతే ఇంకో అర కిలోమీటరు తోలి ఇంజనును మరిగించేవాడు. ఈసారి వెంటనే పక్కకు ఆపాడు. చుట్టూ అడవి, చినుకులు. ఇంకా మరగలేదు కాబట్టి ఐదు నిమిషాలు చల్లార్చి నీళ్లు పోస్తే సరిపోతుంది. నీళ్ల డబ్బాతో దిగబోతూ ఆయన నా చెవి దగ్గరికి వంగాడు.

"తమ్ముడా, గేరు పక్కన చెక్క ఉన్నది, చూడు. దానికి పండ్లు చెక్కిన. రెండు నిమిషాలకోసారి ఒక్క పన్ను జరుపు. ఒక్కటే. ఎక్కువ జరిపితే దవాఖానా ముందే వస్తది."

చెయ్యి పెట్టి చూశాను. చెక్కకు సైకిలు బ్రేకు తీగ కట్టి ఉంది. ఆ తీగ సీటు కింద నుంచి వెనక్కి పోయి నాలుగో మీటరు ముల్లుకు చేరుతోంది. ఇంతసేపూ ఆయన కుడి చేత్తో స్టీరింగు తిప్పుతూ, ఎడమ చేత్తో నా భార్యకు దవాఖానాను దగ్గరికి లాక్కొస్తున్నాడు. వైరు లేని మీటరు బిగించనన్న మొనగాణ్ణి, ఇప్పుడు నేనే వైరునయ్యాను.

వెనక నుంచి పుష్పలత పెద్దగా అరిచింది. ఆ అరుపుకు నా చెయ్యి అదిరి మూడు పళ్లు ఒకేసారి జరిగిపోయాయి. ముల్లు ఎగిరి పచ్చ గీత అంచుకు చేరింది. వెంటనే వెనక నుంచి పుష్పలత గొంతు వినిపించింది. "వచ్చినమా?"

ఆమెకు కిటికీలోంచి కనిపిస్తోంది ఒక టేకు చెట్టు, దాని కింద తడుస్తున్న రెండు మేకలు. జంపయ్య బానెట్టు మూసి తాడు కట్టి లోపలికొచ్చి, మీటరు చూసి, నన్ను చూసి, కంగారు పడకుండా రెండు పళ్లు వెనక్కి దింపాడు.

"డౌను చెల్లె. డౌన్ల ముల్లు జర ముందుకురుకుతది, మళ్ల సర్దుకుంటది" అని జీపు తీశాడు. అది డౌను కాదు, నేల చదునుగా ఉంది. ముత్తక్క కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత పుష్పలత ఒకసారి కూడా అంత పెద్దగా అరవలేదు.

ముల్లు పచ్చ గీత మీదికి రావడం, జీపు దవాఖానా గేట్లోకి తిరగడం ఒక్కసారే జరిగాయి. ఇంకో అరగంట ఆలస్యమైతే కష్టమయ్యేదని డాక్టరమ్మ అంది. మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. ఆ మాట చెబుదామని బయటికి పరుగెత్తాను. జంపయ్య జీపు మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఆ మాట చెప్పి, అలవాటు ప్రకారం ఎట్లున్నవన్నా అని అడిగాను.

"కాళ్లు వణుకుతున్నయ్ తమ్ముడా" అన్నాడు. ఆయన మనిషి సంగతి చెప్పడం అదే మొదటిసారి.

అబద్ధం చెప్పే ముల్లును ఎందుకు పారెయ్యలేదో అప్పుడు అడిగాను. ఆరోజు భీమ్లాను లేపి నీళ్లు మోయించింది ఆ ముల్లేనన్నాడు. బండికి పనికిరాకపోయినా మనుషులకు పనికొస్తుందని అనుకున్నాడట. అది అబద్ధమని మాత్రం ఒప్పుకోలేదు. "అబద్ధమెట్లయితది? దవాఖానా వచ్చింది, ముల్లు గూడ వచ్చింది. జర ముందూ వెనకా, అంతే."

ఆ సాయంత్రం పుష్పలతకు నిజం చెప్పేద్దామని మంచం పక్కన కూర్చుని, తీగ గురించి ఎక్కడ మొదలుపెట్టాలా అని నీళ్లు నములుతున్నాను. ఆమే అందుకుంది.

"నువ్వు లాగినప్పుడే తెల్సింది. అన్న లాగితే ముల్లు మెల్లగ వచ్చేది. నీ చేతికి తొందరెక్కువ."

తెలిసి కూడా ఎందుకు ఊరుకున్నావని అడిగాను.

"ఇద్దరు మొగోళ్లు నాకోసం గంత కష్టపడి అబద్ధమాడుతుంటె ఏమంటరు? మేకల కాడ దవాఖానా వచ్చేసరికి నవ్వొచ్చింది. నవ్వుతుంటె నొప్పి జర ఆగింది."

వారం తర్వాత అదే జీపులో ఇంటికి బయల్దేరాం. జంపయ్య ఏ ముల్లూ చూడకుండా పాప నుదుటి మీద అరచెయ్యి పెట్టి బాగుందన్నాడు. ఎంతసేపు చూశాడంటే, పాపను ఎత్తుకుని తన చొక్కా తడిసేదాకా చూశాడు. రేడియేటరు కారుతున్నదని పాపను నా చేతికిచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాడు.

"అన్నా, ఇల్లు ఇంకెంత దూరమున్నది?" అని వెనక నుంచి పుష్పలత అడిగింది.

జంపయ్య ఎడమ చెయ్యి గేరు పక్కకు పోయింది. ముల్లు మెల్లగా ఒక్క గీత కదిలింది. ఆమె నవ్వడం నాకు ముందు సీట్లోకి వినిపించింది.